నిందపడిన న్యాయరక్షకుడు

అధికారము లేనివానిపై అపనింద పడినయెడల చూచువారు జాలిపడుదురు. అదే నింద అధికారిపై పడినచో జాలికంటె ముందు సందేహము పుట్టును. ఇందులో కొంత అసూయ లేకపోలేదు. అయినను ఆ సందేహమును పూర్తిగా అన్యాయమని కొట్టివేయుటకు మాకు మనసొప్పకున్నది. దొంగలను పట్టవలసిన చేతికే సంకెల పడినప్పుడు, నిర్దోషియైన ఆ అధికారి లోకమునకు ఏమి అచ్చియున్నాడు? తన మాట చాలునా, సాక్ష్యమును చూపవలయునా?

ఈ ప్రశ్నను అమెరికా పశ్చిమసీమ కథలు పలుమారులు ఎత్తుకొన్నవి. 1955 మొదలు 1961 వరకు ఎ.బి.సి. సంస్థ ప్రసారము చేసిన 'ది లైఫ్ అండ్ లెజెండ్ ఆఫ్ వ్యాట్ ఎర్ప్' అను టెలివిజను ధారావాహిక వానిలో నొకటి. హ్యూ ఓబ్రయన్ నాయకపాత్ర ధరించెను. 1961 జూను 27వ తేదీన వచ్చిన కడపటి ప్రకరణమునకు 'ది అవుట్‌లాస్ క్రై మర్డర్' అని పేరు. దుండగులే హత్య హత్యయని కేకలు పెట్టుచున్నారని భావము. పేరులోనే తీర్పు వెలువడినది! ఇక న్యాయస్థానముతో పని యేమి? ఆరేండ్లుగా ఆ మనుష్యుని సాహసములు చూచినవారికి అతడు హంతకుడు కాడని తెలియును. చూపరి కన్ను ఎల్లవేళల అతని వెంటనే యుండెను గదా.

టూంబ్‌స్టోన్ పురజనులకు అట్టి కన్ను లేదు. అరిజోనాలోని ఆ వెండిగనుల ఊరిలో, 1881 అక్టోబరు 26వ తేదీన, ఓ.కె. కొరాల్ అను గుఱ్ఱపుసాల చెంత, అరనిమిషములో సుమారు ముప్పది తూటాలు ప్రేలినవి. బిల్లీ క్లాంటన్, టామ్ మెక్‌లారీ, ఫ్రాంక్ మెక్‌లారీ అను మువ్వురు మరణించిరి. కాల్చినవారు ఊరి మార్షలు వర్జిల్ ఎర్ప్, అతని తమ్ములు వ్యాట్, మోర్గన్, వారి మిత్రుడు డాక్ హాలిడే. ఊరిలో ఆయుధములు ధరింపరాదను శాసనమును అమలుపరుప బోయితిమని వీరు. చేతులెత్తినవారిని కాల్చిరని అవతలివారు. నాలుగు దినములలో ఐక్ క్లాంటన్ హత్యాభియోగము తెచ్చెను.

న్యాయాధిపతి వెల్స్ స్పైసర్ నవంబరు మాసమంతయు విచారణ సాగించెను. వ్యాట్‌కును హాలిడేకును మొదట లభించిన జామీను రద్దయి, ఇద్దరును కొన్నాళ్లు చెరసాలలో నుండిరి. ఆ ప్రాంతపు షెరీఫు జానీ బీహనే వారికి విరోధముగా సాక్ష్యము పలికెను. వ్యాట్ తన వాంగ్మూలమును వ్రాసి తెచ్చి చదివెను. అతని మాట ఒక్కటే చాలలేదు; చాలవలసిన పనియు లేదు. వీధికి అవతలివైపున దుస్తులు కుట్టి జీవించు ఒక స్త్రీ, ఊరికి క్రొత్తగా వచ్చిన ఒక రైలుయింజను డ్రైవరు, తాము కన్నది చెప్పిరి. స్పైసర్ ఒక చిన్న సంగతిని పట్టుకొనెను. కలహమునకు మూలమైన ఐక్ క్లాంటన్ ఆయుధము లేక చేతికి చిక్కియు ప్రాణములతో పోయెను; చంపవలెనను సంకల్పమే యున్నచో మొదట చావవలసినవాడు అతడు కాదా? ఇట్లు తలచి అందరిని విడిచెను. కాని ఐక్‌తో అంతకుముందే తగవుపడిన వ్యాట్‌ను, హాలిడేను సాయమునకు పిలుచుట వర్జిల్ చేసిన అవివేకమనియు, నిందార్హమనియు ఆ తీర్పులోనే వ్రాసెను. గ్రాండ్ జ్యూరీ తన నిర్ణయమును మరల పరిశీలింపవచ్చునని కూడ చెప్పెను. ఆ జ్యూరీయు అభియోగము మోపలేదు.

ఆ మందలింపే తీర్పులో అమూల్యమైన భాగముగా మాకు తోచును. నేరము చేయకుండుట వేరు, వివేకముతో నడచుట వేరు. టెలివిజను నాయకునకు ఇట్టి మచ్చ పనికిరాదు, మనిషికి ఉండును. మరియు సామాన్యునికంటె అధికారికి జవాబుదారి యెక్కువ. సాక్షిని బెదిరించుటకు, కాగితమును మరుగుపరచుటకు, ప్రశ్నించినవానినే దోషిగా నిలుపుటకు అతనికి వీలు కలదు. ఆ వీలున్నవాడు తన మంచితనమే ప్రమాణమనినచో, చెడ్డ అధికారియు ఆ మాటనే అనును. వినువానికి భేదము తెలియుటెట్లు? (లెక్క అడిగినంతనే కినుక బూను కోశాధికారులను మనము ఎరుగనివారము కాము. లెక్క సరిగనే యుండును. ఆ కినుకయే దానిపై అనుమానము రేపును.)

ఏ రాష్ట్రమున స్థిరపడినను మన యిండ్లలో భాద్రపద శుద్ధ చవితినాడు అక్షతలు చేతబట్టి విను శమంతకోపాఖ్యానమునను ఈ చిక్కే కలదు. ప్రసేనుని చంపి మణిని అపహరించెనని సత్రాజిత్తు నింద మోపెను. అతని నోరు మూయించుట కృష్ణునకు క్షణకాలపు పని. భాగవతమున అతడు పౌరులను వెంటబెట్టుకొని అడవికి పోవును. ప్రసేనుని కళేబరమును, సింహపు జాడను, జాంబవంతుని గుహను వారు తమ కన్నులతో చూచిరి. తెచ్చిన మణిని సభలో, రాజు ఎదుట, సత్రాజిత్తునకు అప్పగించెను. భగవంతుడు పంచనామా జరిపించెనని పరిహాసమాడవచ్చును! చవితిచంద్రుని దోషముమీదనే దృష్టి నిలిపి, వెంట నడచిన ఆ పౌరులను మనము మరచుచుందుము.

కథ అక్కడ ముగియదు. శతధన్వుడు సత్రాజిత్తును చంపి, మణిని అక్రూరునియొద్ద ఉంచి పారిపోయెను. కృష్ణుడు వెంటాడి అతనిని సంహరించి వెదకగా మణి లేదు. ఈ మాట అన్న బలరామునకే నమ్మశక్యము కాలేదు. అప్పుడును కృష్ణుడు అలుగక, అక్రూరుని రప్పించి, బంధువుల యెదుట మణిని చూపింపజేసెను.

వ్యాట్ ఎర్ప్‌కును రెండవ ఘట్టము వచ్చెను. 1881 డిసెంబరు 28వ తేదీ రాత్రి వర్జిల్‌ను పొంచి కాల్చిరి. అతని యెడమచేయి చెడెను. ఐక్ క్లాంటన్ తాను వేరొకచోట నుంటినని సాక్షులను నిలిపి బయటపడెను. 1882 మార్చి 18న బిలియర్డ్సు ఆటశాలలో మోర్గన్‌ను వెనుకనుండి కాల్చి చంపిరి. రెండు నాళ్లకు టూసాన్ రైలుస్టేషను చెంత ఫ్రాంక్ స్టిల్‌వెల్ హతుడయ్యెను. అప్పుడు వ్యాట్ సంయుక్తరాష్ట్రముల డిప్యూటీ మార్షలు. అతనిపై వారంటు వెలువడెను. తమ్ముని శవమును చూచిన కన్నులకు న్యాయస్థానము వ్యర్థముగా కనబడుట వింత కాదు. అతనిని దూషించుట మాకు సులువు కాదు. అయినను నవంబరులో చెరసాలనుండి సాక్షులకొరకు వేచి అతడు గడించినదంతయు ఆ మార్చిలో వ్యయమైపోయెను.

ఏప్రిలులో అతడు అరిజోనాను విడిచిపోయెను. స్టిల్‌వెల్ హత్యపై అతనిని ఏ న్యాయాధిపతియు విచారింపలేదు. 1929 జనవరి 13న లాస్ ఏంజిలిస్‌లో మరణించెను. రెండేండ్లకు స్టూవర్టు లేక్ అతని చరిత్రను వీరగాథగా ప్రకటించెను. టెలివిజను ధారావాహికకు ఆ గ్రంథమే ఆధారము. అది 1881 నాటి అభియోగముదాక వచ్చి నిలిచిపోయినది.