ముందు బండికి ఇచ్చే చోటు

జర్మనీలో లైసెన్సు తీసుకున్నవారికి 'హాల్బర్ టాకో' తెలిసిందే: స్పీడోమీటర్ అంకెలో సగం, అన్ని మీటర్ల దూరం. గంటకు 100 కిలోమీటర్లయితే 50 మీటర్లు. ఆటోబాన్ పక్కన తెల్ల గుంజల మధ్య ఎడం సాధారణంగా అంతే.

లెక్క తేలికే. ఆ ఖాళీలోకి ఇంకొకరు దూరినప్పుడే ఉక్రోషం వస్తుంది. అది మన చోటని ఎవరన్నారు? కాస్త వెనక్కి తగ్గితే పోయేది రెండు సెకన్లు.

చాలాసేపు వెనకే అంటుకుని, లైట్లు కొడుతూ తరిమితే, బండి తగలకపోయినా ఇక్కడి చట్టం దాన్ని 'నోటిగుంగ్', అంటే ఎదుటివారిని బలవంతపెట్టిన నేరంగా చూడవచ్చు. నాకిది సబబే అనిపిస్తుంది. ముందున్నది నిన్న లైసెన్సు వచ్చిన పిల్లో, పసిబిడ్డతో ఉన్న తల్లో. అద్దంలో మనల్ని చూసి వాళ్ళు వణికితే, ప్రమాదం జరగలేదుగా అని చేతులు దులుపుకోలేం. ఆరాధనకు ఆలస్యమైన ఆదివారమైనా సరే.