మోమాటము లేని విశ్వాసము

వాక్యభాగము: యాకోబు 2:1-9



యాకోబు తన పత్రికను ఎవరికి వ్రాసెనో మొదటి వచనమే తెలుపుచున్నది. స్వస్థలము విడిచి అన్యదేశములలో చెదిరి బ్రదుకుచున్న వారికి వ్రాసెను. సోలాపూరు, హుబ్లీ, చెన్నై, బరంపురము మొదలైన చోట్ల తరతరములుగా కాపురముండు మనకు ఆ చిరునామా పరాయిది కాదు. మన యాసను విని, మన ఒంటి రంగును చూచి, పొరుగువారు మనకు వెల కట్టినప్పుడు ఎంత నొప్పియో మన పెద్దలెరుగుదురు, మన పిల్లలును ఎరుగుదురు. ఆ నొప్పి ఎరిగిన మనమే ఆదివారమున మందిరపు గుమ్మములో అదే తూనికరాయి చేత పట్టుకొని నిలువవచ్చునా? నేటి ధ్యానములో మన యెదుట నున్న ప్రశ్న ఇదియే.

ఈ అధ్యాయపు మొదటి వచనములో మన తెలుగు బైబిలు 'మోమాటము' అను మాట వాడినది. గ్రీకు మూలములోని మాటకు ముఖమును అంగీకరించుట అని భావము. మన మాటలోను మొగము దాగియున్నది. అందుకే దానిని మొగమాటమనియు అందుము. ఒకని ముఖమును, బట్టలను, వ్రేలి ఉంగరమును చూచి, లోపలి మనిషిని చూడకుండ విడుచుటయే మోమాటము. బంగారు ఉంగరము గలవానికి మంచి ఆసనము, మురికి బట్టలవానికి పాదపీఠము దగ్గర చోటు. ఇట్లు చేయువారిని యాకోబు మర్యాద తెలియనివారని అనలేదు. దురాలోచనతో తీర్పు తీర్చు న్యాయాధిపతులన్నాడు.

ఈ పొరపాటు సామాన్యులకు మాత్రమే కలుగునని అనుకొనకుడి. సమూయేలు బాల్యమునుండి దేవుని స్వరము వినిన ప్రవక్త. అయినను బేత్లెహేములో యెష్షయి పెద్దకుమారుడైన ఏలీయాబు రూపమును చూడగానే రాజు దొరికెనని తలంచెను. అంతకుముందు సౌలు కూడ అందరికంటె భుజములు పైకి కనబడు ఆజానుబాహువే. ఆ యెత్తు ఇశ్రాయేలును కాపాడలేదు. దావీదునైతే తండ్రియే లెక్కలోనికి తీసికొనలేదు. గొఱ్ఱెల యొద్దనుండి పిలిపింపవలసి వచ్చెను. మనుష్యుని కన్ను పైరూపము దగ్గరనే ఆగిపోవునని, తన చూపు హృదయము వరకు పోవునని దేవుడు ప్రవక్తకే నేర్పెను.

మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోను ఇట్టి పరీక్ష వచ్చినది. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. తోళ్ల వ్యాపారము చేయు ఎర్రగుంట్ల పేరయ్యగారు అప్పటికే ప్రభువును నమ్ముకొని, తన మాదిగ జనులకు సువార్త చెప్పుచుండెను. పట్టణములోని అగ్రవర్ణస్థులు వచ్చి, మాదిగలను చేర్చుకొన్నయెడల తమవారు మీ దగ్గరకు రారని దొరగారితో చెప్పిరి. లోకజ్ఞానము ప్రకారము అది లాభసాటి సలహాయే. అయితే దొరగారును ఆయన సతీమణియు వేర్వేరుగా వేదము తెరచి, ఇద్దరును ఒకే భాగము చదివిరట. అది 1 కొరింథీ 1:26-29. లోకము నీచమని యెంచినవారిని దేవుడేర్పరచుకొనెనను సంగతి అక్కడ నున్నది. తలుపు తెరువబడెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినము ఒంగోలులో ముఖము చూచి తలుపు వేసియుంటే నేడు మనలో ఎందరము ఈ పత్రిక చదువుచుందుము?

అయితే తీర్పే వద్దా? మత్తయి 7వ అధ్యాయములో తీర్పు తీర్చవద్దని చెప్పిన ప్రభువే, యోహాను 7:24లో న్యాయమైన తీర్పు తీర్చుమనెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధము కావు. గొఱ్ఱె చర్మము కప్పుకొన్న తోడేలును ఫలములవలన తెలిసికొనవలెనని కూడ ఆయనే చెప్పెను. ఫలము పండుటకు కాలము పట్టును. పైరూపము నిమిషములో కనబడును. ఆ 1876-78 కరువు కాలములో క్లౌ దొరగారు కూటి కొరకు చేరుదురేమోయని బాప్తిస్మములు ఆపి ఉంచిరి. కులమును చూచి త్రోయలేదు, గుంపును చూచి తొందరపడలేదు. న్యాయమైన తీర్పు అనగా అదియే. ఉపాధ్యాయ వృత్తిలో జీవించిన మేము పిల్లలకు నోటుపుస్తకపు అట్టను చూచి మార్కులు వేయము గదా! లోపలి పుటలు త్రిప్పవలెను.

కొన్నేండ్ల క్రితము మేమొక పట్టణపు సంఘమును దర్శించితిమి. శ్రీకాకుళము ప్రాంతమునుండి కట్టడపు పనికి వచ్చిన యువకుడొకడు సిమెంటు మరకల చొక్కాతో గుమ్మమున నిలిచెను. లోపల కుర్చీలు ఖాళీగా నుండగా అతనిని వరండాలో కూర్చుండుమనిరి. అతడు మరల రాలేదు. పేరేమని అడిగితే ఎవరును చెప్పలేకపోయిరి. అతడు గొప్ప విశ్వాసియో కాడో మేమెరుగము. అతని యోగ్యత తరువాత బయటపడవలసిన పనియు లేదు. క్రీస్తు అతని కొరకును చనిపోయెను. కుర్చీ ఇచ్చుటకు ఆ కారణము చాలును.

ఇక ఉంగరము గలవానిని ద్వేషింపుమని యాకోబు చెప్పలేదు. జీన్సు ప్యాంటు వేసికొన్న కుమారుని, తెలుగు చదువలేక కన్నడములోనో తమిళములోనో బైబిలు పట్టుకొన్న కుమార్తెను చూచి 'వీరికి భక్తి లేదు' అనుటయు మోమాటమే.

కావున ప్రియులారా, కొన్ని పనులు చేయుదము. గుమ్మమున నిలుచు పరిచారకులు క్రొత్తగా వచ్చినవారి పేరు, ఊరు అడిగి ముందు వరుసకు తోడుకొని పోవలెను. బెంగళూరులో తెల్లవారకముందే వీధులూడ్చు మన తెలుగు పౌరకార్మిక సహోదరీలు, పని ముగించుకొని వచ్చువారెవరైనను, ఆలస్యముగా వచ్చినను గద్దింపు కాక చోటు పొందవలెను. ప్రార్థన చేయుమని, వాక్యము చదువుమని ఎప్పుడును ఆ నలుగురినే పిలువక అందరికి వంతు ఇయ్యవలెను. కొరింథులో కలిగినవారు ముందుగా తిని, లేనివారు ఆకలిగొనగా పౌలు గద్దించెను. ప్రభువు బల్ల యొద్ద ముందువెనుకలు లేవు, రొట్టె ఒక్కటే.

సురూపమైనను సొగసైనను లేనివాడై మన మధ్యకు వచ్చిన రక్షకుని మనుష్యులు ముఖము చూచి త్రోసివేసిరి. వచ్చు ఆదివారము ఆయన ఏ చొక్కాతో మన గుమ్మమున నిలుచునో యెరుగము. తలుపు దగ్గర మనకు మెలకువ గల కన్నులను ప్రభువు దయచేయును గాక. ఆమేన్.