గుఱ్ఱపుసాలలో శనివారము

పనిచేయువానికి విశ్రాంతి యేల యీయవలెనని యడిగినచో లోకులు సాధారణముగా నొక్కటే సమాధానము చెప్పుదురు: మరునాడు మరల చక్కగా పనిచేయుటకని. ఎద్దులను కాడినుండి విప్పు రైతును, సేవకునికి సెలవిచ్చు గృహస్థుడును, బాలురను వేసవిలో ఇండ్లకు పంపు పాఠశాలవారును ఈ సమాధానముతోనే తృప్తిపడుచున్నారు. మేమును ఇరువదియేండ్లుగా ఉపాధ్యాయవృత్తిలో నుండి దీనిని ఏనాడును సందేహింపలేదు. మొన్నటి వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకడు అమెరికానుండి వ్రాసిన లేఖలు మాకా సందేహమును గలిగించినవి.

ఆతడు పశువైద్య విద్యార్థి. ఆతని తాత మా పట్టణమున జట్కా తోలి కుటుంబమును పోషించినవాడు. మనుమడు కళాశాలలో ఎన్.సి.సి. అశ్వదళమున జేరి స్వారి నేర్చెను. వేసవి శిబిరములలో పనిచేయ గోరు విదేశ యువకులకు అమెరికా ప్రభుత్వ మిచ్చు ప్రత్యేకానుమతిపై వెళ్లి, యూదుల బాలబాలికల శిబిరమొకదానిలో రెండు నెలలు గుఱ్ఱపుస్వారి నేర్పు కౌన్సెలరుగా నుండెను. కౌన్సెలరనగా ఉపాధ్యాయుడును, అన్నయు, కావలివాడును ఒక్కడే యైన ఉద్యోగి యని తెలిసికొనవలెను.

ఇట్టి శిబిరములు ఆ దేశమున నూరేండ్లకు పైబడి నడచుచున్నవి. ఐరోపానుండి వలసవచ్చి న్యూయార్కు నగరపు ఇరుకువాడలలో గాలివెలుతురులు లేక పెరుగుచున్న యూదుల పిల్లలకు కొన్ని దినములైనను పచ్చికయు చెరువును చూపవలెనని మొదట వీనిని స్థాపించిరి. 1902లో ఆరంభమైన సర్‌ప్రైజ్ లేక్ శిబిరము వానిలో పురాతనమైన వానియందొకటి. తరువాతి తరమువారికి గాలి కొఱతకన్న స్వభాషా స్వధర్మముల కొఱత యెక్కువగా తోచెను. 1947లో విస్కాన్సిన్ రాష్ట్రమున తొలి రామా శిబిరము హీబ్రూ భాషను, ధర్మశాస్త్రమును నేర్పు నుద్దేశముతో వెలసెను. నేడు ఇట్టి శిబిరములు పెక్కింట ఈతయు, పడవయు, ప్రార్థనయు ఒక్క చెరువు గట్టుననే జరుగుచున్నవి. కొన్నింట గుఱ్ఱములును గలవు.

మా విద్యార్థి పని తెల్లవారక మునుపే ఆరంభమయ్యెడిది. గుఱ్ఱములకు ఎండుగడ్డియు నీరును పెట్టుట, మాలీసు చేయుట, గిట్టలలో చిక్కిన రాళ్లను తీయుట. పిమ్మట పిల్లల రాక. ఎనిమిది, తొమ్మిదేండ్ల పట్టణపు పిల్లలు. గుఱ్ఱమును బొమ్మలలోదప్ప ఎరుగరు. ఆ జంతువు దాదాపు 450 కిలోల బరువు. ఎక్కు బిడ్డ ముప్పది కిలోలు. బిడ్డ భయపడుటలో వింత లేదు. కాని గుఱ్ఱము అంతకన్న పిరికిదని ఆతడు మొదటి పాఠముగా చెప్పెడివాడట. ప్రకృతిలో అది క్రూరమృగముల కాహారమైన జంతువు. పరుగే దాని ఆయుధము. కన్నులు తలకు రెండు ప్రక్కల నుండుటచే చుట్టును చూడగలదు గాని, తన తోకవెనుక నున్నదానిని, నుదుటికి సరిగా ఎదుట నున్నదానిని చూడలేదు. కావున ప్రక్కనుండి, మాటలాడుచు, మెడపై చేయి వేయుచు సమీపింపవలెను. కేకలు వేయరాదు. చెవులు వెనుకకు మడచినచో నిలిచిపోవలెను. ఇద్దరు భయస్థుల నడుమ నిలిచి ఒకరికొకరిని పరిచయము చేయుటయే తన యుద్యోగమని ఆతడు వ్రాసెను. అందు నోరున్నది ఒక్కరికే.

ఒకనాడు జీను ఎత్తగానే ముసలి గుఱ్ఱమొకటి చెవులు మడచి ప్రక్కకు జరిగెను. ఆతడు కడుపుక్రింద తడవి చూడగా పటకా ఒరసిన చోట పుండు పడుచుండెను. దానిని సాలకు మరలించెను. ఆనాటి స్వారికై వారము దినములనుండి వేచియున్న బాలిక యొకతె వెక్కివెక్కి యేడ్చెను. ఆమె తలిదండ్రులు రుసుము చెల్లించినవారు; గుఱ్ఱము చెల్లించినదేమియు లేదు. తాను చేసినది న్యాయమో, పరదేశములో సాహసమో యని ఆతనికి సంకోచము. సాయంకాలము శిబిరపు ధర్మోపదేశకుడు ఆ బాలికను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అందఱకు తమ శాస్త్రమును వినిపించెను: నూర్పిడి చేయు ఎద్దు మూతికి చిక్కము కట్టరాదనియు, తన్ను ద్వేషించువాని గాడిదయైనను బరువుక్రింద కూలియుండగా విడిచిపోరాదనియు ధర్మశాస్త్రము చెప్పుననియు, పశువునకు మేత వేయక తాను భుజింపరాదని తాల్ముదు శాసించుననియు. ఆ బాలిక మరునాడు పుండునకు మందు వ్రాయునపుడు దీపము పట్టుకొని నిలిచెనట.

శనివారము సంగతి వేఱు. యూదుల విశ్రాంతిదినము శుక్రవారము సూర్యాస్తమయమున ఆరంభమై శనివారము రాత్రి నక్షత్రములు కనబడువఱకు నుండును. ఆ కాలమున స్వారి నిషిద్ధము. ఏల యని పిల్లలడుగగా ఉపదేశకుడు రెండు సమాధానములు చెప్పెను. పశువు నెక్కరాదని దాదాపు 1800 ఏండ్ల క్రిందటి మిష్నాలోనే యున్నది. కారణమును గూర్చి మాత్రము తరువాతివారు భిన్నాభిప్రాయులు. ఎక్కినవాడు దానిని తోలుటకు చెట్టుకొమ్మ విఱుచునేమో, కొమ్మ విఱుచుట ఆ దినమున చేయరాని పని గదా యని బాబిలోను తాల్ముదు. నీకువలెనే నీ పశువునకును విశ్రాంతి విధింపబడినదని యెరూషలేము తాల్ముదు.

ఈ రెండవ మాట యొద్ద మేము చాల సేపు నిలిచిపోతిమి. మొదటి కారణమున గుఱ్ఱము నిమిత్తమాత్రము. రక్షింపబడునది మానవుని నియమము. రెండవదానిలో గుఱ్ఱమే ధర్మమునకు పాత్రము. మన భారతమున ద్రోణపర్వమందు, సైంధవవధ జరుగవలసిన దినమున, పొద్దు వాలుచుండగా శ్రీకృష్ణుడు యుద్ధభూమి నడుమ గుఱ్ఱములను విప్పి, బాణములు తీసి, ఒడలు తోమి, నీరు త్రాగించినట్లున్నది. అంతటి ఆపదలో ఆ కరుణ చూపిన సారథి వేఱొకడు లేడు. అయినను అది మరల పరుగెత్తించుటకే గదా! శనివారపు గుఱ్ఱము ఆదివారము చక్కగా మోయుటకై నిలుపబడినది కాదు. ఊరక నిలుచుటకే నిలుపబడినది.

గుఱ్ఱమునకు శనివారమనగా నేమి తెలియును? తానెరుగని హక్కు హక్కెట్లగును? అని పాఠకులలో తార్కికు లడుగవచ్చును. ఉయ్యెలలోని శిశువు తన తండ్రి యాస్తి నెరుగదు. అంతమాత్రమున దానిని పినతండ్రి యనుభవింపవచ్చునని యే న్యాయస్థానమును చెప్పదు. ఎరుగనివాని హక్కు ఎరిగినవాని మెడపై నుండును.

మా విద్యార్థికిది తర్కముగా గాక మఱియొక విధముగా తెలిసెను. ఆతడు యూదుడు కాడు. రెండవ శనివారము మధ్యాహ్నము ఊసుపోక, చెరువు చుట్టు ఒక్కసారి స్వారి చేయుదమని జీను భుజమున వేసికొని సాలకు పోయెను. ఆ నియమము తనది కాదు, చూచువారు లేరు. గుఱ్ఱము తల యెత్తి చూచి మరల గడ్డిలో మూతి పెట్టెను. నియమము తనది కాకపోవుట నిజమే గాని గుఱ్ఱమునకు దొరకిన దినము గుఱ్ఱముదే యని తోచి, జీనును యథాస్థానమున నుంచి, తొట్టిలో నీరు నింపి వచ్చెనట. వాని విశ్రాంతికి ఆనాడును ఒకడు పనిచేయవలసియే యుండెను. పశువులకు మేతయు నీరును పెట్టుటను ఆ శాస్త్రము నిషేధింపలేదు.

ఆ లేఖ చదువునపుడు మాకు ఆతని తాత జట్కా జ్ఞప్తికి వచ్చెను. మా బాల్యమున రైలు తప్పునను తొందరలో పెద్దలు నలుగురు, పిల్లలము ముగ్గురము ఆ బండిలో క్రిక్కిరిసి, త్వరగా తోలుమని గద్దించితిమి. ఆతడు కొరడా ఎత్తెను. కొట్టినవాడతడు, కొట్టించినవారము మేము. ఆనాటి బాడుగ లేనిచో ఆతని యింట పొయ్యి రగులదు. ఆతనికి సెలవు లేక గుఱ్ఱమునకు సెలవెక్కడిది? విశ్రాంతిదినమును విధించు ఆజ్ఞలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, యింటనున్న పరదేశి యని వరుసగా నుండుట ఇందులకే కాబోలు. ఆ వరుసలో భార్య పేరు మాత్రము కానరాదు. ‘నీవు’ అనుటలో ఆమెయు చేరినదని కొందఱు వ్యాఖ్యాతలు సమర్థింతురు. ఏమో!

వేసవి తుదిని ఆ గుఱ్ఱములను లారీలలో నెక్కించి యజమానికి పంపివైచిరి. అవి బాడుగకు తెచ్చినవి. ఎనిమిది శనివారములు విశ్రమించిన ఆ ముసలి గుఱ్ఱమునకు ఇకమీద ఎవరు శనివారమిత్తురని ఆతడు కడపటి లేఖలో మమ్మడిగెను. మేము చెప్పగలిగినది లేదు.

లేఖ మడచి, మా యింటి పనిమనిషికి జీతము తగ్గింపక ఆదివారములు సెలవిత్తమని మా గృహిణితో నంటిమి. ఆమె యొక్క నిమిష మాలోచించి, “ఇద్దాం లెండి. మరి ఆ పూట అంట్లెవరు తోముతారు?” అని యడిగెను. మూడు ఆదివారములుగా ఆ పని మా పాలబడియున్నది. పాలగిన్నె అడుగంటిన మాడు వదలుట కెంతసేపు పట్టునో మా కిదివఱకు తెలియదు.