చేరని చీరలు

పోచంపల్లిలో ఒక నేత కుటుంబం ఉండేది. తల్లి ఆసు పోసేది, తండ్రి మగ్గం నేసేవాడు. పట్నంలో చదువుకుని ఇంటికి తిరిగొచ్చిన కొడుకు, దళారికి పోయే డబ్బు తమ ఇంట్లోనే మిగలాలని చీరల కోసం ఒక వెబ్‌సైట్ కట్టాడు. నలభై చీరలు పరిచి, మంచి ఫోనుతో నిలువుగా ఫొటోలు తీసి, తీసినవి తీసినట్టే ఒకే పేజీలో పెట్టాడు. ఒక్కో ఫొటో వెడల్పు 3,000 పిక్సెళ్లు, ఎత్తు 4,000 పిక్సెళ్లు, బరువు 5 మెగాబైట్లు. అంటే పేజీ మొత్తం 200 మెగాబైట్లు.

ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది కాబట్టి ఆ బరువు అతనికి తెలియలేదు. బొమ్మలు తెర దాటి పోతున్నాయని మాత్రం చూశాడు. వెడల్పు 300, ఎత్తు 300 అని కోడ్‌లో రాశాడు. వరసలు తీరుగా కుదిరాయి. తృప్తిగా పడుకున్నాడు.

మర్నాడు తల్లి ఆ పేజీ చూసి తన చీరను తానే పోల్చుకోలేకపోయింది. నిలువు ఫొటోను చదరంలో ఇరికించడంతో డైమండ్ బొమ్మలన్నీ నొక్కుకుపోయాయి. పోగు పోగుకూ లెక్క చూసుకుంటూ రోజుల తరబడి పోసిన ఆకారాలవి. ఆమె ముఖం చూసి కొడుకు ఎత్తు కొలతను తీసేశాడు. బొమ్మ ఆకారం తిరిగి కుదిరింది.

ఆ సవరణ ఇంకో చిక్కు తెచ్చింది. అరకు వైపు కొండల్లో పనిచేసే ఒక నర్సు, వాళ్లకు పాత ఖాతాదారు, ఆ పేజీ తెరిచింది. సిగ్నల్ అంతంత మాత్రం. ఎంతసేపటికీ బొమ్మలు రాలేదు. పేర్లు, ధరలు మాత్రం కనిపిస్తే, నీలం చీర కింది బటన్ నొక్కబోయింది. సరిగ్గా అప్పుడే పైనున్న ఫొటో ఒకటి వచ్చి పడి, పేజీ అంతా కిందికి జరిగింది. వేలు వేరే బటన్ మీద పడింది. వారం తర్వాత ఇంటికొచ్చిన ఎర్ర చీరను ఆమె ఒక ఉత్తరంతో సహా వెనక్కి పంపింది. అందులో కోపం లేదు, జరిగిందంతా ఓపికగా రాసింది.

కొడుకు ఆ ఉత్తరం చదువుతున్నప్పుడు తల్లి పక్కనే పేక పోగుకు రబ్బరు కట్లు కడుతోంది. ఇక్కత్‌లో బొమ్మ మగ్గం మీద పుట్టదు. రంగు ఎక్కడ పట్టాలో, ఎక్కడ పట్టకూడదో పోగు మీదే ముందుగా కొలిచి కట్టి ఉంచుతారు. అతనికి తన పేజీలో లోపించిందేమిటో అప్పుడు బోధపడింది. బొమ్మ అసలు కొలతలు ట్యాగులో రాశాడు, తెరను బట్టి కుదించే పని స్టైల్‌షీటుకు అప్పజెప్పాడు. ఇక బ్రౌజర్ బొమ్మ రాకముందే దానికి తగిన చోటు అట్టిపెట్టడం మొదలుపెట్టింది, బటన్లు కదలడం మానేశాయి. కోడ్‌లో చిన్న అంకె వేసినంత మాత్రాన ఫైలు తేలిక కాదని, 5 మెగాబైట్లూ కొండెక్కాల్సిందేనని కూడా గ్రహించాడు. ఫొటోలనే 600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, ఒక్కోటి 100 కిలోబైట్లు దాటకుండా మళ్లీ ఎక్కించాడు. 200 మెగాబైట్ల పేజీ నాలుగుకు దిగింది.

అంతటితో పని అయిపోయిందనుకున్నాడు. ఇంతలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికొచ్చింది. ఏటా తల్లి దగ్గరే చీర కొనేది, కొన్నేళ్ల కిందట చూపు పోయింది. ఫోను తెర మీద ఉన్నది చదివి వినిపిస్తే విని పనులు చేసుకునేది. చీరల పేజీ తెరిస్తే ఆ ఫోను ఆమెకు ఫైలు పేర్లు చదివింది. ఐఎంజి, గీత, 2034. ఐఎంజి, గీత, 2035. నలభై చీరలకూ అంతే.

వెబ్ పేజీలో బొమ్మ పెట్టే ట్యాగును మార్క్ ఆండ్రీసన్ 1993లో ప్రతిపాదించారు. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0లోనే బొమ్మకు బదులుగా మాట రాసే ఆల్ట్‌కు చోటుంది. చిన్న చోటే అది. కొడుకు దాన్ని అలంకారమనుకుని ఇన్నాళ్లూ వదిలేశాడు.

ఆ మధ్యాహ్నం తల్లి ఒక్కో చీరా టీచరమ్మ ఒడిలో పరిచి చెప్పుకుంటూ పోయింది. ముదురు నీలం నేల, తెల్ల డైమండ్లు, జానెడు ఎర్ర అంచు, కొంగు మీద ఏనుగుల వరస. కొడుకు పక్కన కూర్చుని ఆ మాటల్నే ఆల్ట్‌లో రాశాడు. పేజీ పైన అందం కోసం పెట్టిన తీగల బొమ్మల దగ్గర మాత్రం ఆల్ట్‌ను ఖాళీగా ఉంచాడు, ఆమె ఫోను వాటి మీద ఆగకుండా సాగిపోయేలా. టీచరమ్మ ఇంటికి వెళ్లి, ఆ పేజీ అంతా విని, ఎవరి సాయమూ లేకుండా ఏనుగుల కొంగు చీర ఎంచుకుంది.

వానాకాలంలో ఒక రాత్రి నర్సు మళ్లీ పేజీ తెరిచింది. సిగ్నల్ బాగా తగ్గి తేలిక బొమ్మలు కూడా రాలేదు. వాటి చోట్లో తల్లి మాటలు కనిపించాయి. అవి చదివి ఆమె నీలం చీర అడిగింది, ఈసారి నీలం చీరే అందింది.

బొమ్మ పెట్టడమంటే మన తెర మీద అందంగా కనిపించేలా చేయడం కాదు. అవతలి మనిషి ఫోను, సిగ్నల్, చూపు ఎలా ఉన్నా దాన్ని ఆ మనిషి దాకా చేర్చడం. అందరికన్నా కష్టంగా అందుకునేవారిని తలుచుకుని చేసిన సవరణ, మన లెక్కలో లేనివాళ్లకు కూడా దారి వేస్తుంది. టీచరమ్మ కోసం రాసిన మాటే కొండ మీది నర్సుకు చీరను చూపించింది.