తివాసీ క్రింది తడి

ఇంగ్లండు నడిమి జిల్లాలలో, పదునెనిమిదవ శతాబ్దమున బొగ్గును పింగాణిని మోయుటకై త్రవ్విన సన్నని కాలువలపై, నేడు సరుకులకు మారుగా మనుష్యులే కాపురముండు ఇరుకుపడవలు వేలకొలదిగా తేలుచున్నవి. అక్కడి లాకుల వెడల్పు 7 అడుగులే గనుక పడవ వెడల్పును అంతకు మించరాదు. పొడవు మాత్రము 70 అడుగుల వరకు ఉండవచ్చును. గోదావరి డెల్టాలో పుట్టినవానికి లాకు అను మాటయు, తలుపులు మూసి నీరు నింపి పడవను మీదికెత్తు విధమును క్రొత్తవి కావు. మా తాతలనాటి గూటిపడవలు అట్లే సాగినవి. అట్టి ఇరుకుపడవలో నివసించు నా మేనల్లుని యొద్ద ఒక శీతకాలమున నెలదినములుంటిని. అతడు గదిలోని తివాసీని పెరికి గట్టినేల పరచుచుండగా చేతిసాయము చేయుచు, చిరకాలముగా నన్ను విడువని ఆవరణవిచారమును, అనగా ఉన్నదానిని అజ్ఞానము కప్పివేయుటను గూర్చిన వేదాంతవిచారమును, మరల తలకెత్తుకొంటిని.

తివాసీని నిందించుట నా యుద్దేశము కాదు. ఉక్కుపడవ అడుగు చల్లనినీటిని అహోరాత్రములు తాకుచుండును. ఆ యుక్కుపై నిలుకడకొరకు ఇటుకలో రాతిపలకలో పేర్చి, వానిపై దూలములుంచి, దూలములపై ప్లైవుడ్ పరచి, ఆపైన గదా మనిషి నడచుట! మంచు కురియు రాత్రి ఆ పలకపై వట్టికాలు మోపలేక మెత్తని ఆచ్ఛాదనమును కోరినవానిని తప్పుపట్టలేము. అయితే ముందటి యజమాని ఆ తివాసీని గోడనుండి గోడవరకు జిగురుతో అతికించి, వెనుకభాగమున మెట్టుప్రక్క నున్న తనిఖీమూతను సైతము కప్పివేసెను. యంత్రపు బరువుచే పడవ వెనుకవైపు ఒకింత క్రుంగియుండును గావున, లోపల నెక్కడ కారిన చుక్కయైనను తుదకు అక్కడికే చేరును. దానిని చూచుటకే ఆ మూత యేర్పడినది.

మావాడు రెండేండ్లు ఆ గదిలో తడివాసన పీల్చుచు, అది కాలువవాసన యని సమాధానపడెను. పదునాలుగవ శతాబ్దమున విద్యారణ్యస్వామి పంచదశిలో, నదిని దాటిన పదిమంది ఎవనికి వాడు తన్ను విడిచి లెక్కించుకొని పదవవాడు పోయెనని దుఃఖించిన కథ నెత్తుకొని, అజ్ఞానము మొదలు తృప్తివరకు ఏడవస్థలను నిరూపించినాడు. పదవవాడు ఉన్నాడని ఆప్తుడు చెప్పగా కలుగునది పరోక్షజ్ఞానము. ఆ పదవవాడను నేనే యని యెరుగుట అపరోక్షము. వాసనచే తడి నూహించుట మొదటిదానివంటిదే; కాని మావాడు దానినైనను దరికి రానీయలేదు.

తివాసీని కత్తితో పట్టెలుగా కోసి లాగితిమి. దాని అడుగున నున్న నురుగురబ్బరు పొడియై పలకను కరచుకొనియుండగా, మూడుదినములు గీకినగాని వదలలేదు. తుదకు మూత బయటపడెను. అతడు దానినెత్తి చేయి దించి, మణికట్టువరకు తడిసిన ఆ చేతిని దీపపువెలుగునకు తెచ్చి, “మామయ్యా, రెండేళ్లుగా దీని మీదే పడుకుంటున్నాను,” అని మాత్రమనెను. స్నానపుగది గొట్టపు అతుకొకటి కారుచుండెను. మంచినీరు ఉప్పునీటికంటె చెక్కను సులభముగా కుళ్లించును. పలకయంచులు నల్లబడి వ్రేలికే విరుగుచుండెను, క్రింది ఉక్కు పొరలుపొరలుగా తుప్పులేచుచుండెను. ఆవరణము చూపును మాత్రమే ఆపగలదు. నీరు తన పనిని ఒక్క గడియయైన మానలేదు. వేదాంతులు అజ్ఞానమును కేవలాభావమని చెప్పక భావరూపమని పట్టుపట్టుటలోని బరువు నాకు ఆ మూతయొద్ద తెలిసినంతగా గ్రంథములయొద్ద తెలియలేదు.

నీటిని తోడి, అతుకును బాగుచేసి, రెండువారములు పొయ్యివేడిమిచే ఆరబెట్టి, చెడిన పలకలు మార్చినపిదప, పైన పరచుటకు అతడు వినైల్ పట్టీలను తెచ్చెను. వానిమీద ఓకుచెక్క ఈనెలు, ముడులు అచ్చువేయబడియున్నవి. తివాసీ కప్పినది, ఇదియో లేని చెక్కను చూపుచున్నది. ఆవరణమును తొలగించి విక్షేపమును తెచ్చుకొంటిమా యని కొంత కలతపడితిని. పిమ్మట బాధితానువృత్తి యను మాట స్మరణకు వచ్చెను: ఎండమావి నీరు కాదని యెరిగినవానికిని ఆ మెరుపు కనబడుచునే యుండును, వాడు మాత్రము కడవ పట్టుకొని పోడు. ఈ పట్టీ చెక్క కాదని ఇంటివానికి తెలియును, అది నీరు పీల్చదు గనుకనే తెచ్చుకొన్నాడు. తెలిసి ఉంచుకొన్న రూపమును అసత్యమని త్రోయుటకు నాకు మనసొప్పలేదు.

నాకు ముఖ్యమని తోచినది వేరు. శరీరమున్నంతవరకు ఏదో యొక ఆచ్ఛాదనము తప్పదు. అది జిగురుతో అంటినదా, చేతితో ఎత్తదగినదా యన్నదే ప్రశ్న. మన యిండ్లలో చాప రాత్రి పరచి తెల్లవారగనే చుట్టి మూలనుంచెదరు, క్రింది నేలను దినదినము ఊడ్చెదరు. నిత్యకర్మవలె సాగు ఆ పనిలో ఎంతటి జాగరూకత యిమిడియున్నదో నేను పరదేశమున తెలిసికొంటిని. మావాడును మూతపైనున్న పట్టీలను తక్కినవానితో కలుపక విడిగా కోసి, ఇత్తడి ఉంగరము బిగించెను. చలి బాధించినందున దానిపై చిన్న దుప్పటివంటి పరుపొకటి వేసెను.

నేను బయలుదేరిన ఆదివారము ప్రొద్దున అతడు ఆ పరుపును ఒకచేత మడిచి, ఉంగరమును లాగి, మోకాళ్లపై వంగి అరచేతిని లోనికి దించెను. చేతికి ఇటుకపొడి యంటెను. దానిని చూచి, ప్యాంటుకు తుడుచుకొని, మూత వేసి, నా పెట్టె నెత్తుకొనెను.