చీటి ఎవరి పేర వచ్చెను?

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 1:15–26



తొలకరి దినములలో మన పల్లెలందు రెండు ఎదురుచూపులుండును. పెద్దలు మబ్బు వైపు చూతురు. పిల్లలు ఫలితముల వైపు చూతురు. ఇంటర్, ఎప్‌సెట్, ఐ.ఐ.టి. ప్రవేశమునకైన జె.ఇ.ఇ. ఒకదాని వెంట ఒకటి వచ్చును. సీటు వచ్చిన యింటివారు ఆదివారము కృతజ్ఞత కానుక తెత్తురు. రాని యింటివారు వెనుక వరుసలో తలవంచుకొని కూర్చుందురు. ఈ రెండు ఇండ్లను గూర్చి ప్రభువు సన్నిధిని ధ్యానింతము.

యూదా స్థానము ఖాళీ అయినప్పుడు పేతురు దానికి తగిన అర్హతను చెప్పెను. యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువు పరమునకు చేర్చుకొనబడిన దినము వరకు ఆయన వెంట నడిచినవాడై యుండవలెను. అట్టివారు ఇద్దరు దొరికిరి. ఒకడు యూస్తు అను మారుపేరుగల యోసేపు బర్సబ్బా, రెండవవాడు మత్తీయ. అర్హులు ఇద్దరు, స్థానము ఒక్కటే. శిష్యులు ప్రార్థనచేసి చీట్లు వేయగా, చీటి మత్తీయ పేర వచ్చెను.

మొదట చీటి రాని యోసేపును చూడుడి. అతనియందు ఏ కొరతయు లేఖనము చెప్పలేదు. అర్హత లేక కాదు, స్థానము లేక మిగిలెను. నేటి మన పిల్లలలో అట్టివారు వేలమంది కలరు. 2024లో జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్ష వ్రాసినవారు 1,80,200 మంది. అందు అర్హులని ప్రకటింపబడినవారు 48,248 మంది. ఐ.ఐ.టి.లన్నిటిలో కలిపి సీట్లు 17,740 మాత్రమే. అనగా అర్హులైనవారిలోనే ముప్పదివేల మందికి పైగా వేరు దారి వెదకుకొనవలసి వచ్చెను. వారిని తెలివిలేనివారని ఎవరనగలరు?

మన ప్రాంతమున ఈ ఎంపిక పసితనముననే మొదలగును. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా నున్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామమున గురుకుల పాఠశాల వెలసెను. పరీక్షలో నెగ్గిన పల్లె పిల్లలకు అచ్చట అన్నము, వసతి, చదువు దొరికెను. అచ్చట చదివిన ఎం. మహేందర్ రెడ్డి గారు తరువాత తెలంగాణ రాష్ట్ర డీజీపీ అయిరి. 1986 నాటి జాతీయ విద్యావిధానమును బట్టి వెలసిన నవోదయ విద్యాలయములలో నల్లగొండ దిక్కున చలకుర్తియు, పాలమూరు దిక్కున వట్టెమును మనకు తెలిసినవే. ఆరవ తరగతిలో ఒక్కొక్క విద్యాలయమునకు 80 సీట్లు. అందు ముప్పాతిక వంతు పల్లెవారికే. అక్కడ చదివి ఐ.ఐ.టి. మెట్టు ఎక్కిన కూలివారి బిడ్డలను బట్టి దేవునికి స్తోత్రము. అయితే అదే బెంచీ మీద కూర్చుండి, అదే దీపము క్రింద చదివి, సీటు రాక ఇల్లు చేరిన బిడ్డయు ప్రభువు బిడ్డయే.

ఇక చీటి వచ్చినవారు వినవలెను. ఖాళీ అయిన ఆ స్థానము యూదాది. అతనిని ప్రభువే స్వయముగా ఏర్పరచుకొనెను. అంతకంటె గొప్ప ఎంపిక ఏమున్నది? అయినను ముప్పది వెండి నాణెములకు దానిని పోగొట్టుకొనెను. సీటు సంపాదించుటతో పరీక్ష ముగియలేదు. మత్తీయకు స్థానమిచ్చినది ప్రభువు పునరుత్థానమునకు సాక్షిగా నుండుటకే. యౌవనులారా, గురుకులములో మీరు తిన్న అన్నములో ప్రతి కూలివాని పన్ను కలిసియున్నది; ముంబాయికి, పూనాకు వలసపోయి మట్టి మోసిన పాలమూరు వాని చెమట కలిసియున్నది. జీతమెంత అని లోకము అడుగును. మీ చదువు ఎవరికి నీడనిచ్చెనని ప్రభువు అడుగును.

తలిదండ్రులారా, సంఘ పెద్దలారా, మా తప్పు ఒకటి ఒప్పుకొందుము. ఒక ఏడు ఆరాధనలో సీట్లు వచ్చిన పిల్లల పేర్లు చదివి, నిలువబెట్టి, చప్పట్లు కొట్టించితిమి. వెనుక కూర్చున్న ఒక తల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొని బయటికి పోయెను. ఆమె బిడ్డయు పరీక్ష వ్రాసెను. ఆ బిడ్డ పేరు మేము ఎత్తలేదు. ఆ దినము మొదలు, వ్రాసిన ప్రతి బిడ్డ పేరును ప్రార్థనలో ఎత్తుచున్నాము.

ఇది చిన్న సంగతి కాదు. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రమున ఇంటర్ ఫలితములు వచ్చిన తరువాత ఇరువది మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. ఫలితము వచ్చిన దినమున బిడ్డను ఒంటరిగా విడువకుడి. పొరుగువాని కొడుకుతో పోల్చకుడి. పొలము కుదువబెట్టి ఫీజు కట్టితిమని ఆ దినమున ఎత్తిపొడువకుడి. ముందు అన్నము పెట్టుడి. బిడ్డ మాట తగ్గించి ముడుచుకొనిన యెడల దగ్గర కూర్చుండి మాటలాడుడి. 14416 అను టెలిమానస్ నంబరుకు ఫోను చేసినను ఉచితముగా సలహా చెప్పుదురు. తరువాత డిగ్రీ, పాలిటెక్నిక్, నర్సింగు, ఐ.టి.ఐ. మొదలగు దారులను నిదానముగా చూడవచ్చును.

ప్రియులారా, మొదటి అధ్యాయముతో పుస్తకము మూయకుడి. యోసేపు అలిగి వెళ్లిపోయెనని వ్రాయబడలేదు. రెండవ అధ్యాయమున అందరును ఒక్కచోట కూడియుండగా అగ్నివంటి నాలుకలు ఒక్కొక్కరిమీద వ్రాలెను. చీటి ఎవరి పేర వచ్చెనని ఆత్మ అడుగలేదు. మత్తీయ పేరు సైతము ఆ తరువాత లేఖనములో మరల కనబడదు. చీటి వచ్చినవానికిని రానివానికిని ప్రభువు పనియే మిగిలెను.

ప్రార్థన: ప్రభువా, సీటు వచ్చిన బిడ్డలకు వినయమును, రాని బిడ్డలకు ధైర్యమును దయచేయుము. తలిదండ్రుల నాలుకకు కావలి యుంచుము. మా సంఘములో వెనుక వరుస లేకుండ చేయుము. ఆమేన్.