కుట్టిన వ్రేలు, మూగప్రాణి ఋణము

కోతకాలములో కొడవలి జారి వ్రేలు తెగుట మన పల్లెలలో క్రొత్త సంగతి కాదు. గాయము మానును గాని, ఒక్కొక్కప్పుడు ఆ వ్రేలు మరల వంగదు. నరము తెగినదని మనమందుము. అనేకసారులు తెగినది నరము కాదు. కండను ఎముకతో కలుపు స్నాయువను తెల్లని త్రాడు.

దానిని కుట్టుట కష్టము. కుట్టి కదల్చకుండ ఉంచినయెడల చుట్టునున్న పొరలకు అతుకుకొనిపోవును. త్వరపడి కదల్చినయెడల కుట్టు సడలి కొనలు విడిపోవును. 1973లో కెస్లర్ అను వైద్యుడు ప్రకటించిన కుట్టు ప్రసిద్ధమైనది. అందు తెగినచోటును దాటునవి రెండు పోగులే. నాలుగు పోగులు దాటిన కుట్టు మరింత గట్టిది. అయితే పోగులు పెరిగినకొలది ఆ చోటు లావై, స్నాయువు తన గొట్టములో జారుట కష్టమగును.

ఈ సంగతులు ఎట్లు తెలిసెను? చాలమట్టుకు కుక్కలు, కుందేళ్లు, కోళ్ల స్నాయువులను కోసి, కుట్టి చూచుటవలన. 1941లో మేసన్, అలెన్ అను వైద్యులు కుక్కలలో పరీక్షించి, తొలి దినములలో అతుకు బలము తగ్గి పిమ్మట పెరుగునని చూపిరి.

తప్పేమియు చేయని మూగప్రాణికి మన మేలుకొరకు గాయము చేయుట న్యాయమా? మనుష్యుని మేలుకే గదా అని కొందరు తేలికగా తీసివేయుదురు. ఎన్నడును కూడదని కొందరందురు. వ్రేలు వంగని కూలివాని యింటి ఆకలిని చూచినవాడు రెండవ మాట పలుకలేడు; కట్టుతో కుంటుచున్న కుక్కను చూచినవాడు మొదటి మాట పలుకలేడు.

కావున ప్రశ్నను రెండుగా విడదీయవలెను. ఏ కుట్టు ఎంత బరువు ఓర్చుకొనునో చనిపోయిన పంది కాలిలోని స్నాయువుపైననే తూచవచ్చును. అందుకొరకు బ్రదికియున్న ప్రాణిని కోయుట అన్యాయమే. అయితే అతుకు ఎట్లు మానునో చచ్చిన మాంసము చెప్పలేదు. వేరు మార్గము లేని అక్కడనే ఆ పని సహింపదగును. 1959లో రస్సెల్, బర్చ్ అను ఇంగ్లీషు పండితులు మూడు నియమములు వ్రాసిరి: ప్రాణికి బదులు వేరొకటి వాడుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట. 1960లో మన దేశము చేసిన జంతుహింస నివారణ చట్టమును, వీలైనంతవరకు మత్తు ఇచ్చియే శస్త్రము చేయవలెననియు, చేతి నేర్పుకొరకు మాత్రమే ప్రాణులను వాడరాదనియు చెప్పుచున్నది.

అయినను, అవసరమైన బాధయైనంత మాత్రమున అది బాధ కాకపోదు. అది మన మీదనున్న ఋణము. సహోదరులారా, రేపు మనలో ఒకని వ్రేలు ఆస్పత్రిలో కుట్టబడి మరల వంగినయెడల, ఆ చేయి ముల్లుగర్ర పట్టునప్పుడు ఒక్క క్షణము ఆగవలెను. మూగప్రాణుల బాధవలన బాగుపడిన చేయి ఎద్దును ఊరక పొడువదగునా? ఆ ఋణము తీర్చుట మన పశువుల కొట్టములోనే మొదలుపెట్టుదము.